కుర్చీలో కదలిక: పవర్ వీల్‌చైర్ సీటు గురించి ఒక పాఠం

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఫిజియోథెరపీ పి.జి.)



వార్షికోత్సవ సంచికకు పదిమందికీ పనికొచ్చే విషయం ఏదైనా రాయమని అడిగారు. మా కుటుంబంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వాళ్ళం మేమే. ఇప్పుడు ఫిజియోథెరపీలో పి.జి. చదువుతున్నాం. చదివిన పాఠాల్లో మన ఊళ్ళకు తప్పకుండా చేరవలసినది ఏదా అని ఆలోచిస్తే చక్రాల కుర్చీ గుర్తుకు వచ్చింది. చక్రాల కుర్చీ అనగానే అందరూ చక్రాల గురించే మాట్లాడతారు. మేము మాత్రం ఈ వ్యాసంలో సీటు గురించి చెప్పదలచుకున్నాం. బ్యాటరీతో నడిచే పవర్ వీల్‌చైర్‌లో సీటును వంచడానికి, వాల్చడానికి, ఎత్తడానికి మోటార్లు ఉంటాయి. అవి ఎందుకు, ఎలా పనిచేస్తాయి, ఆ కుర్చీ కొనలేనివారు ఏం చేయాలి అనేవి వరుసగా తెలుసుకుందాం.

1. ముందుగా ఒక ప్రయోగం

ఈ రోజు స్టడీ అవర్లో గట్టి బల్ల మీద కూర్చోండి. కింద దుప్పటి వేయవద్దు. పది నిమిషాలపాటు నడుము కింది భాగాన్ని ఏమాత్రం కదపకుండా ఉండండి. పక్కన ఒకరు గడియారం చూస్తూ ఉండాలి.

చాలామంది పది నిమిషాలు పూర్తి చేయలేరు. కొద్దిసేపటికే పిర్రల కింద మంట మొదలవుతుంది. తెలియకుండానే ఒక పక్కకు ఒరుగుతాం, కాలు మీద కాలు వేస్తాం, ముందుకు వంగుతాం. మామూలుగా పుస్తకం చదువుకుంటున్నప్పుడు కూడా ఇలా ఎన్నోసార్లు కదులుతాం. నిద్రలో సైతం పక్కకు తిరుగుతూనే ఉంటాం.

కారణం ఇది. కూర్చున్నప్పుడు పైశరీరం బరువు ఎక్కువగా పిర్రల అడుగున ఉండే రెండు చిన్న ఎముకల మీద పడుతుంది. ఆ ఎముకకూ బల్లకూ మధ్య చర్మం, కండ నలుగుతాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని చోటు నుంచి నరాలు మెదడుకు కబురు పంపుతాయి. మెదడు బరువు మార్చమని చెబుతుంది. ఇదంతా మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది.

వెన్నుపాము తెగినవారికి ఆ కబురు అందదు. అందినా కదలడానికి కండరాలు మాట వినవు. కండరాల క్షీణత వ్యాధి ఉన్నవారికి కబురు అందుతుంది, నొప్పి తెలుస్తుంది, కాని కదిలే శక్తి ఉండదు. అలా గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే లోపలి కండ చచ్చి పుండు పడుతుంది. దీనినే ఒత్తిడి పుండు అంటారు, వాడుకలో బెడ్ సోర్. పేరులో బెడ్ ఉన్నా ఇది కుర్చీలో కూడా పడుతుంది. పైకి రూపాయి బిళ్ళంత కనబడినా లోపల గుప్పెడంత గుంత ఉండవచ్చు. ఎందుకంటే ఎక్కువ నలుగుడు ఎముక దగ్గరే జరుగుతుంది.

2. ఇది మన ఇళ్ళ సంగతి

మా మేనమామ సెంట్రింగ్ పనికి పోయేవాడు. రెండో అంతస్తు నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నది. చేతుల్లో సగం పట్టు మిగిలింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందుల పేర్లు ఉన్నాయి, ఎలా కూర్చోవాలో ఒక్క ముక్క లేదు. తర్వాత ఒక శిబిరంలో మడత చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆ రోజు ఇల్లంతా పండగే. పొద్దున్నే కుర్చీలో కూర్చోబెడితే వాకిట్లో వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ సాయంత్రం దాకా కూర్చునేవాడు. మూడో నెలలో పుండు కనబడింది. అది ఎముక దాకా పోయింది. రెండో ఏడాది దాటకుండానే చనిపోయాడు.

కుర్చీ ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చారు. దానితోపాటు ఇవ్వవలసిన జ్ఞానం ఇవ్వలేదు. ఊళ్ళలో తాటిచెట్టు మీద నుంచి పడినవారు, బావిలో పూడిక తీస్తూ పడినవారు, బండి ప్రమాదంలో నడుము విరిగినవారు ఉంటారు. వారిలో చాలామంది కూలినాలి చేసుకునేవారే. అందుకే ఈ పాఠం మన హాస్టల్ సంచికలో ఉండాలని మా కోరిక.

3. కొంచెం చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది పుండ్లతోనో, మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్లతోనో కొద్దికాలంలోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ప్రత్యేక విభాగం ప్రారంభించారు. రాత్రింబవళ్ళు ప్రతి రెండు గంటలకు ఒకసారి రోగిని పక్కకు తిప్పాలని ఆయన కట్టడి చేశారు. ఆ పనికి కావలసింది మనుషులు, క్రమశిక్షణ మాత్రమే. రోగులు బతికారు. 1948లో అక్కడే ఆయన మొదలుపెట్టిన ఆటల పోటీలు తర్వాత పారాలింపిక్స్‌గా ఎదిగాయి.

యుద్ధంలో గాయపడిన కెనడా సైనికుల కోసం జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు విద్యుత్ చక్రాల కుర్చీని రూపొందించారు. చేతులు బాగా పనిచేయనివారు కూడా తమంతట తాము ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్ళడానికి దారి దొరికింది. ఆ తర్వాత కాలంలో కుర్చీకి మరిన్ని మోటార్లు చేరాయి. అంతకుముందు నర్సు రెండు గంటలకు ఒకసారి మంచం మీద చేసిన పనిని, మనిషి కుర్చీలో కూర్చుని ఒక మీట నొక్కి తానే చేసుకోగలిగాడు. పవర్ సీటు అసలు ప్రయోజనం ఇదే.

మన వైపు రోగులు చాలామంది వెళ్ళే వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి కూడా ఇందులో ఒక చరిత్ర ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ఏర్పడటానికి కారకులయ్యారు. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

4. సీటు చేసే పనులు

(అ) టిల్ట్: సీటు, వీపు ఆనుకునే భాగం రెండూ కలిసి వెనక్కి వంగుతాయి. తొడకూ నడుముకూ మధ్య కోణం మారదు. ఇటుకలు మోసే తట్టను రెండు చేతులతో వెనక్కి వంచితే లోపలి ఇటుకలు ఉన్నట్టే ఉంటాయి కదా, అలాగన్నమాట. బరువు పిర్రల మీద నుంచి వీపు మీదకు మారుతుంది. పవర్ కుర్చీల్లో చాలావరకు 45 నుంచి 55 డిగ్రీల దాకా వంగుతాయి.

(ఆ) రిక్లైన్: సీటు కదలదు, వీపు భాగం మాత్రమే వెనక్కి వాలుతుంది. దూరప్రయాణపు బస్సులో పుష్‌బ్యాక్ సీటు ఇలాంటిదే. నడుము సాగుతుంది. మూత్రపు గొట్టం మార్చడం, బట్టలు సర్దడం, కాసేపు పడుకోవడం సులువవుతుంది.

(ఇ) కాళ్ళు ఎత్తడం: పాదాలు ఆనే భాగం పైకి లేచి మోకాలు చాపుతుంది.

(ఈ) సీటు ఎత్తు పెంచడం: కూర్చున్న మనిషి కూర్చున్నట్టే జాకీ మీద లేచినట్టు పైకి లేస్తాడు. సాధారణంగా 25, 30 సెంటీమీటర్ల వరకు లేచే కుర్చీలు ఉన్నాయి.

(ఉ) నిలబెట్టడం: మోకాళ్ళకు, ఛాతీకి పట్టీలు ఉండి, కుర్చీయే మనిషిని నిలువుగా లేపుతుంది.

(ఊ) ముందుకు వంపు: సీటు ముందువైపుకు కొద్దిగా వంగుతుంది. బల్ల మీద రాయడానికి, ముందున్న వస్తువు అందుకోవడానికి, లేచి నిలబడబోయే ముందు ఇది సాయపడుతుంది.

వీటన్నింటి వెనుక ఉన్న యంత్రం పెద్ద రహస్యమేమీ కాదు. ఐ.టి.ఐ. చదివే తమ్ముళ్ళు బెంచి వైస్ చూసే ఉంటారు. పిడి తిప్పితే మర తిరిగి దవడ ముందుకు వస్తుంది. పిడి వదిలేసినా దవడ వెనక్కి జారదు. కుర్చీలో పిడికి బదులు చిన్న మోటారు ఉంటుంది. దీనిని లీనియర్ యాక్చువేటర్ అంటారు. సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలను కలిపి 24 వోల్టులతో దీన్ని నడుపుతారు. చేతి వేళ్ళు కదిలితే జాయ్‌స్టిక్, కదలకపోతే గడ్డంతోనో, తల పక్కకు తాకించో, నోటితో గొట్టంలోకి గాలి ఊది పీల్చో నడిపే ఏర్పాట్లు ఉన్నాయి.

5. లెక్క చేసి చూద్దాం

ఇంటర్‌లో వాలుతలం పాఠం చదివినవారికి ఇది తెలిసిన లెక్కే. నిటారుగా కూర్చున్నప్పుడు సీటు మీద 50 కిలోల బరువు పడుతోందనుకుందాం. సీటును వంచిన కోణం తీటా అయితే సీటు మీద పడే భారం 50 ఇంటూ కాస్ తీటా. వీపు మీద పడేది 50 ఇంటూ సైన్ తీటా.

0 డిగ్రీలు: సీటు మీద 50 కిలోలు, వీపు మీద 0
15 డిగ్రీలు: సీటు మీద 48.3, వీపు మీద 12.9
30 డిగ్రీలు: సీటు మీద 43.3, వీపు మీద 25
45 డిగ్రీలు: సీటు మీద 35.4, వీపు మీద 35.4
55 డిగ్రీలు: సీటు మీద 28.7, వీపు మీద 41

(రెండు అంకెలూ కలిపితే 50 రావడం లేదేమని అడగవద్దు. అవి రెండు వేర్వేరు దిశల్లో పనిచేసే బలాలు. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 50 వస్తుంది.)

ఇప్పుడు పట్టికను జాగ్రత్తగా చూడండి. సున్నా నుంచి 15 డిగ్రీలకు వంచితే తగ్గింది 1.7 కిలోలు. 30 నుంచి 45కు వంచితే తగ్గింది 7.9 కిలోలు. వంచింది రెండుసార్లూ 15 డిగ్రీలే! అంటే కొద్దిగా వంచితే కొద్దిగానైనా లాభం ఉంటుందనే లెక్క ఇక్కడ చెల్లదు. మొదటి డిగ్రీల్లో దాదాపు ఏమీ దక్కదు, అసలు లాభం చివరి డిగ్రీల్లో ఉంది. మనిషి శరీరం చెక్కదిమ్మ కాదు కాబట్టి నిజమైన అంకెలు మనిషిని బట్టి, మెత్తను బట్టి మారతాయి. ఒత్తిడి కొలిచే పరుపు వేసి చూసినప్పుడు కూడా తీరు ఇలాగే ఉంటుంది. అందుకే 30 డిగ్రీలు దాటితేనే చెప్పుకోదగిన ఉపశమనం అని మాకు నేర్పుతారు. టిల్ట్‌కు రిక్లైన్ కూడా కలిపితే ఇంకా మంచిది.

మరి మనుషులు ఎక్కువగా ఎంత వంచుతారు? చాలామంది 15, 20 దగ్గర ఆపేస్తారు. వెనక్కి పడిపోతామేమో అని భయం. నలుగురిలో ఉన్నప్పుడు కప్పు కేసి చూస్తూ ఉండటం సిగ్గు. ఎదుటివారి మాట మధ్యలో ఆగిపోతుందని మొహమాటం. కుర్చీ ఖరీదు పెట్టినా దాని పని జరగకపోవడానికి ఈ మూడూ చాలు. ఇంట్లోవారు అది రోజువారీ పనే అన్నట్టు చూస్తే సగం సిగ్గు పోతుంది.

చిన్న వంపు పూర్తిగా వృథా అని అనుకోకూడదు. నడుము నిలబడనివారికి 5, 10 డిగ్రీల వంపు మొండెం ముందుకు పడకుండా ఆపుతుంది. ర్యాంపు దిగేటప్పుడు జారకుండా కాపాడుతుంది. అది కూర్చునే తీరుకు సంబంధించిన లాభం, పుండును ఆపే లాభం వేరు.

ఎంతసేపు? సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి, ఒకటి రెండు నిమిషాలకు తగ్గకుండా అని చెబుతారు. 2003లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, నలిగిన కండకు ఆక్సిజన్ మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి సగటున 1 నిమిషం 51 సెకన్లు పట్టింది. చేతులు ఊని పది సెకన్లు పైకి లేచి మళ్ళీ కూర్చోవడం ఎందుకు చాలదో దీనివల్ల అర్థమవుతుంది.

6. వరుస తప్పితే చర్మం చిరుగుతుంది

పుండుకు ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. చర్మం ఒక పక్కకు, లోపలి ఎముక ఇంకో పక్కకు లాగినప్పుడు మధ్యలో కండ, రక్తనాళాలు మెలిపడతాయి. తడి చేతితో చెంప మీద చర్మాన్ని పక్కకు లాగి చూడండి, చర్మం కదిలింది, కింద దవడ కదలలేదు. కుర్చీలో జారినప్పుడు తోక ఎముక దగ్గర జరిగేది ఇదే.

రిక్లైన్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. కుర్చీ వీపు వంగే కీలు ఒకచోట, మనిషి తుంటి కీలు మరోచోట ఉంటాయి. అందువల్ల వీపు వాలినప్పుడు మనిషి వీపు దాని మీద రాసుకుంటూ జారుతుంది. తిరిగి లేచేటప్పుడు వీపు భాగం మనిషిని ముందుకు నెట్టి, పిర్రలను సీటు అంచు వైపు తోస్తుంది. నాలుగైదుసార్లయ్యేసరికి మనిషి తోక ఎముక మీద కూర్చుని ఉంటాడు.

కాబట్టి వరుస గుర్తుంచుకోండి. వెళ్ళేటప్పుడు ముందు టిల్ట్, తర్వాత రిక్లైన్. వచ్చేటప్పుడు ముందు రిక్లైన్ తగ్గించి వీపు నిటారు చేసి, ఆ తర్వాత టిల్ట్ దించాలి. ముందే టిల్ట్ చేసి ఉంటే భూమ్యాకర్షణ మనిషిని కుర్చీ లోపలికే పట్టి ఉంచుతుంది, జారనివ్వదు.

కాళ్ళు ఎత్తడంలో కూడా ఒక మెలిక ఉంది. కాళ్ళ వాపు తగ్గుతుందని చాలామంది నిటారుగా కూర్చునే కాళ్ళు చాపుతారు. వాపు దిగాలంటే పాదాలు గుండె కంటే పైకి రావాలి. నిటారుగా కూర్చుంటే అవి పైకి రావు. పైగా తొడ వెనుక కండరాలు బిగుసుకుని ఉన్నవారికి మోకాలు చాపగానే ఆ కండరం తుంటిని ముందుకు లాగుతుంది, మళ్ళీ జారుడే. అందుకని ముందు టిల్ట్ చేసి ఆ తర్వాతే కాళ్ళు ఎత్తాలి.

7. ఎత్తు విలాసమా, అవసరమా?

సీటు పైకి లేవడాన్ని చాలాకాలం సౌకర్యంగానే లెక్కవేశారు. అమెరికాలో వృద్ధులకు, వికలాంగులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా ఇది ప్రధానంగా వైద్య అవసరం కాదని ఖర్చు ఇచ్చేది కాదు. కుర్చీ వాడేవారు, వైద్య నిపుణులు కలిసి వాదించగా 2023 మే నెలలో ఆ నిర్ణయం మారింది. నిర్దేశించిన తరగతుల పవర్ కుర్చీలకు, అర్హత గల వారికి సీటు ఎత్తు పరికరం ఖర్చు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

వారి వాదన మనకూ అర్థమయ్యేదే. కుర్చీ నుంచి మంచం మీదకు మారేటప్పుడు మంచం ఎత్తుగా ఉంటే శరీరాన్ని ఎక్కించాలి. కుర్చీనే కాస్త పైకి లేపితే పల్లానికి దిగినట్టు జరగవచ్చు. కాళ్ళు పనిచేయనివారికి భుజాలే కాళ్ళు. ఆ భుజాలు అరిగిపోతే ఉన్న కొద్దిపాటి స్వేచ్ఛ కూడా పోతుంది. బ్యాంకు కౌంటర్, స్విచ్ బోర్డు, పొయ్యి గట్టు, దేవుడి గూడు అన్నీ నిలబడినవారి కోసం కట్టినవే. ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడేవారికి మెడ నొప్పి ఒకటైతే, అవతలివాడు ఎప్పుడూ పైనుంచి చూడటం ఇంకొకటి. ఈ రెండోది ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

నిలబెట్టే కుర్చీ విషయంలో మన దేశంలో మంచి ప్రయత్నం జరిగింది. ఐ.ఐ.టి. మద్రాసులోని పునరావాస పరికరాల పరిశోధన కేంద్రం రూపొందించిన ‘అరైజ్’ అనే కుర్చీ 2019లో విడుదలైంది. దీనికి మోటారు లేదు, చేతి బలంతోనే లేచి నిలబడవచ్చు. అయితే ఏళ్ళ తరబడి నిలబడనివారి ఎముకలు పెళుసుగా ఉంటాయి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి వైద్యుని పరీక్ష లేకుండా నిలబడే కుర్చీ మొదలుపెట్టకూడదు.

8. రెండు ఆపదలు, రెండు వ్యతిరేక చర్యలు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

మొదటిది: వెన్నుపాము దెబ్బతిన్నవారు కూర్చున్న కాసేపటికి కళ్ళు తిరిగి, ముఖం పాలిపోయి, మాట తడబడితే రక్తపోటు పడిపోయిందని అర్థం. వెంటనే వెనక్కి వంచాలి, కాళ్ళు ఎత్తాలి.

రెండోది: ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస దగ్గర కాని, అంతకు పైన కాని దెబ్బ ఉన్నవారికి ఒక్కసారిగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బ ఉన్న చోటికి పైన చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. ఇక్కడ వెనక్కి పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి. కాళ్ళు కిందికి దించాలి. బిగుతు బట్టలు, పట్టీలు వదులు చేయాలి. మూత్రపు గొట్టం మెలిపడిందా, సంచి నిండిందా చూడాలి. చాలాసార్లు కారణం నిండిన మూత్రాశయమే. అయినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇది ప్రాణాంతకం.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తంగా: వాలులో ఉన్నప్పుడు టిల్ట్ చేయవద్దు. వెనుక గోడ, పక్కన పిల్లల చేతులు ఉన్నాయేమో చూడాలి. అన్నం తినేటప్పుడు, నీళ్ళు తాగేటప్పుడు వెనక్కి వాలి ఉంటే పొలమారుతుంది. సీటు బాగా వంచినా, ఎత్తినా కుర్చీ వేగం తగ్గిపోవడం లేదా ఆగిపోవడం చెడిపోవడం కాదు, పడిపోకుండా పెట్టిన కట్టడి. కరెంటు కోత ఉండే ఊళ్ళలో రాత్రిపూట చార్జింగ్ మరవకూడదు.

9. పవర్ కుర్చీ లేనివారి సంగతి

టిల్ట్, రిక్లైన్ రెండూ ఉన్న విదేశీ పవర్ కుర్చీల ధర లక్షల్లో ఉంటుంది. మన ఊళ్ళలో ఎంతమంది కొనగలరు? కాని కుర్చీ లేకపోయినా సూత్రం మన దగ్గర ఉంది. బరువును ఎముక మీద నుంచి తప్పించాలి, తగినంతసేపు తప్పించాలి, జారకుండా తప్పించాలి. మామూలు కుర్చీలో ఇలా చేయవచ్చు:

ముందుకు వంగడం: కుర్చీని బల్ల దగ్గరకు తెచ్చి బ్రేకు వేసి, దిండు మీద చేతులు, తల ఆన్చి రెండు నిమిషాలు ఉండాలి. పిర్రల ఎముకల మీద బరువు బాగా తగ్గుతుంది. నడుము నిలవనివారిని ఒకరు పట్టుకోవాలి.

పక్కలకు ఒరగడం: ఒక పక్క రెండు నిమిషాలు, రెండో పక్క రెండు నిమిషాలు.

మరొకరి సాయంతో టిల్ట్: కుర్చీ వెనుక మంచం ఉంచి, బలమైన మనిషి మంచం మీద కూర్చుని, కుర్చీని మెల్లగా వెనక్కి వంచి తన ఒడిలో ఆన్చుకోవచ్చు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చూసి నేర్చుకున్నాకే చేయాలి.

మెత్త: కుర్చీ గుడ్డ మీద నేరుగా కూర్చోబెట్టకూడదు. సరైన మెత్త కావాలి. మధ్యలో రంధ్రం ఉండే గాలి ట్యూబు వాడవద్దు. దాని అంచు చుట్టూ ఒత్తి రక్తం ఆడకుండా చేస్తుంది.

చర్మం చూడటం: పొద్దున, రాత్రి పిర్రలు, తోక ఎముక, తుంటి, మడమలు చూడాలి. అద్దంతో కాని, సెల్‌ఫోన్ ఫోటోతో కాని మనిషి తనది తానే చూసుకోవచ్చు. పుస్తకాల్లో ఎర్రటి మచ్చ కోసం చూడమని రాసి ఉంటుంది, ఫోటోలన్నీ తెల్లతోలు వాళ్ళవే. మన నల్లని చర్మం మీద ఎరుపు కనబడదు. కాబట్టి చేత్తో తాకి చూడాలి. పక్క చోటి కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడి గుజ్జుగా ఉందా, రంగు మరింత ముదిరిందా గమనించాలి. అలా ఉంటే ఆ చోటు మళ్ళీ మామూలయ్యేదాకా దాని మీద బరువు పడనివ్వకూడదు. తోలు లేస్తే వెంటనే వైద్యునికి చూపించాలి.

10. అడగటం నేర్చుకుందాం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్, నిర్ణయించిన ఆదాయ పరిమితిలో ఉన్నవారికి ఉపకరణాలు ఉచితంగా అందించే సామాజిక భద్రత గురించి చెబుతుంది. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద శిబిరాల్లో పరికరాలు ఇస్తున్నారు. కాన్పూరులో 1972లో స్థాపించిన అలిమ్‌కో సంస్థ వాటిని తయారుచేస్తుంది. వైకల్య ధ్రువీకరణ పత్రం, యు.డి.ఐ.డి. కార్డు, ఆదాయ పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంట్లోవారికి దరఖాస్తు నింపి పెట్టడం హాస్టల్ పిల్లలు చేయగల పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చక్రాల కుర్చీ ఇవ్వడాన్ని నాలుగు మెట్లుగా చెప్పింది. తగినది ఎంచడం, ఒంటికి సరిచేయడం, వాడకం నేర్పడం, తర్వాత వచ్చి చూడటం. శిబిరానికి వెళితే ఈ ప్రశ్నలు అడగండి:

- సీటు వెడల్పు మనిషి కొలతకు సరిపోయిందా?
- మెత్త ఇస్తారా?
- పాదం పలక ఎత్తు మార్చవచ్చా?
- వీపు వాలుతుందా, కుర్చీ వంగుతుందా?
- వాడకం ఎవరు నేర్పుతారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?

దణ్ణం పెట్టి తీసుకుని రావడం మనకు అలవాటు. దణ్ణం పెట్టండి, ప్రశ్న కూడా అడగండి. మన హాస్టల్ గోడ మీద అంబేడ్కర్ గారి పటం ఉన్నది అందుకే.

ఈ రంగంలోకి వచ్చే దారులు కూడా చెప్పాలి. బై.పి.సి. చదివేవారు ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాల కోర్సు గురించి తెలుసుకోండి. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో ఉన్న జాతీయ సంస్థల్లో ఈ డిగ్రీలు ఉన్నాయి. ఐ.టి.ఐ., డిప్లొమా వారికి కుర్చీ బాగుచేసే పని ఉంది. మర, మోటారు, వైరు తెలిసిన మనిషి మండలానికి ఒక్కడు ఉన్నా, మూల పడిన కుర్చీలు మళ్ళీ వాకిట్లోకి వస్తాయి.

11. మననం చేసుకోండి

(1) సీటు భారం సగానికి, అంటే 25 కిలోలకు తగ్గాలంటే ఎన్ని డిగ్రీలు వంచాలి? లెక్క చేయండి.
(2) టిల్ట్, రిక్లైన్ వరుస వెళ్ళేటప్పుడు ఏది, వచ్చేటప్పుడు ఏది? ఎందుకు?
(3) రక్తపోటు పడిపోయినప్పుడు, పెరిగినప్పుడు సీటు ఎలా ఉంచాలి?
(4) మీ ఊళ్ళో చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎవరు? వారు ఏకధాటిగా ఎన్ని గంటలు కూర్చుంటున్నారు? వారి కింద మెత్త ఉందా?

మొదటి మూడింటికి జవాబులు ఈ వ్యాసంలో ఉన్నాయి. నాలుగో ప్రశ్నకు జవాబు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తెలుసుకుని రండి. వారి దగ్గర పది నిమిషాలు కూర్చుని, ముందుకు వంగడం ఎలాగో చూపించండి, చర్మం ఎలా చూసుకోవాలో ఇంట్లోవారికి చెప్పండి. సందేహం వస్తే మీ జిల్లా ఆస్పత్రి ఫిజియోథెరపిస్టును అడగండి. మీలో ఒక్కరు చెప్పిన మాట వల్ల ఒక్క పుండు ఆగినా మా చదువుకు ఫలితం దక్కినట్టే.

సెలవు. జై భీమ్.